పావురాల కాపలా

"గడియారం ఆగిందంటే లోపలికి ఎవర్నీ రానివ్వం. తాళమే. రూలంటే రూలే," అంది తనిఖీకి వచ్చిన మేడమ్, గడియార స్తంభం కింద నిలబడి చేతి వాచీ విప్పుతూ.

"నడుస్తోందిగా మేడమ్! పది నలభై రెండు. మీదెంత?" అన్నాడు టైలరు.

"నలభై రెండే."

టైలరు ఊపిరి పీల్చుకున్నాడు. అతని కొట్టు స్తంభానికి ఎదురుగానే ఉంది. గబ్బిలాల రెట్టతో మెట్లు కనబడని రోజుల్లో వీధివాళ్లను పోగేసి సంఘం పెట్టింది అతనే. స్తంభం తలుపు తెరిపించడానికి నాలుగేళ్లు పట్టింది. మూయించడానికి మేడమ్ సంతకం ఒకటి చాలు.

ఆమె ఫైలు తెరిచింది. "ప్రజల మద్దతు అని ఒక గడి ఉంది. ఏం రాయమంటారు?"

"టికెట్టు కొని చూసేవాళ్లు చూస్తారు. సభ్యత్వం తీసుకున్నవాళ్లు నూట పది మంది. ఇళ్లలో ఉన్న పాత ఫొటోలు తెచ్చిస్తే కింద గదిలో పెట్టాం. శనివారాలు మా వదినలు, పిన్నులు మెట్లు కడుగుతారు. డ్రాయింగు మాస్టారు బొమ్మ వేసిస్తే కార్డులు అచ్చేయించాం. ఇవేవీ చేతకానివాళ్లు పావురాలను తోలుతారు."

"పావురాలనా?"

టైలరు తలుపు పక్కన వేలాడుతున్న అట్ట చూపించాడు. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా అరగంటకొకరి వంతు రాసి ఉంది. మంగలి, పాలావిడ, పోస్టుమాన్ భార్య, రిటైరైన కండక్టరు.

"గడియారం లోపలి పళ్ల చక్రాల మీద వాలతాయండీ. ఈకలు ఇరుక్కుంటే ఆగిపోదూ? అందుకని పైన ఎప్పుడూ ఒక మనిషి ఉండాల్సిందే."

"ఇప్పుడెవరున్నారు?"

"మా బామ్మర్ది," అన్నాడు టైలరు, కాస్త దిగులుగా. "ఏ పని చెప్పినా పడుకుని నిద్రపోతాడు."

"మరి ఇక్కడ?"

"కూర్చుని."

మేడమ్ నవ్వలేదు. "ఓ పావుగంట చూస్తాను," అని వాచీని అరచేతిలో పెట్టుకుని తలెత్తింది.

నలభై మూడు. నలభై నాలుగు. నలభై ఐదు. ముల్లు నిమిషానికోసారి జరుగుతోంది. టైలరు మెడలోని టేపును వేలికి చుడుతూ, విప్పుతూ ఉన్నాడు.

మేడమ్ వాచీలో నలభై ఆరయింది. పైన నలభై ఐదే. నలభై ఏడయింది. పైన నలభై ఐదే.

టైలరు మెట్ల దగ్గరికి పరిగెత్తి పైకి చూస్తూ అరిచాడు. "ఒరేయ్ బామ్మర్దీ! పావురం!"

పైన ఏదో డబ్బా దొర్లింది. "ఆఁ! తోలేశా బావా, తోలేశా!"

ముల్లు ఒక్క ఊపులో రెండు నిమిషాలు జరిగింది.

"చూశారా మేడమ్, ఎంత బరువు పక్షో!" అన్నాడు టైలరు, నుదురు తుడుచుకుంటూ.

"చూశాను. పై గది కూడా చూడాలి."

"చివరి నిచ్చెన ఎవరూ ఎక్కకూడదని మీ ఆఫీసే బోర్డు పెట్టించింది. సంఘంవాళ్లకు మాత్రమే అనుమతి."

మేడమ్ బోర్డు చదివింది. కింద సంతకం ఆమెదే.

"వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. ఈ చుట్టుపక్కల ఒక్క పావురమూ కనబడలేదే?"

"మరి తోలుతున్నది ఊరికేనా అండీ?"

ఆమె తలుపు పక్కనున్న వంతుల అట్టను పైనుంచి కిందికి మరోసారి చదివింది. తర్వాత ఫైలులో 'గడియారం నడుస్తున్నది' అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసింది. ఆ అక్షరాలను టైలరు తలకిందులుగానే చదివి, పక్కనున్న అరుగు మీద కూలబడ్డాడు.

"టీ తెప్పించనా మేడమ్?"

"వద్దు." ఆమె ఫైలు సంచిలో పెట్టింది. మెళ్లోని ఆఫీసు కార్డు తీసి అందులోనే వేసింది. "మీ సంఘంలో బయటివాళ్లు చేరచ్చా?"

"ఎవరైనా చేరచ్చు. ఏం చేస్తారు? మెట్లు కడుగుతారా, ఫొటోలు ఇస్తారా?"

మేడమ్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"ఆదివారం పొద్దున ముల్లు నేను తిప్పుతాను."