లోపలి మడత

"మమ్మీ, ఒక ఆంటీ నన్ను జానతోటి కొలిచింది."

మిషన్ తొక్కుతున్న సుకన్య కాళ్లు ఆగిపోయాయి.

"ఏ ఆంటీ? యాడ?"

"బడి గేటు కాడ. భుజం కాడికెళ్లి మోకాళ్ల దాక కొలిచింది. పేరు గూడ అడిగింది."

"చెప్పినవా?"

"చెప్పిన. సౌమ్య అని."

సుబేదారిలో వాళ్లుండే అద్దె ఇంటి వరండాలో ఆ మిషన్ ఉంది. తన జాకెట్లు, డ్రెస్సులు, ఒకటో తరగతి చదివే కూతురి ఫ్రాకులు అన్నీ సుకన్య దాని మీదే కుట్టుకుంటుంది. ఒక్కగానొక్క బిడ్డ. దానికి కొన్న బట్ట తొడగడం ఆమెకు నచ్చదు.

ఆ రోజు కుట్టు ముందుకు సాగలేదు. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారంటూ ఫోన్‌లో వచ్చిన మెసేజ్‌లన్నీ గుర్తొచ్చాయి.

"జర హుషారుగ ఉండు," అన్నాడు భర్త సుదర్శన్. "రేపటి సంది బడికి నువ్వే పోయి తోల్కరా."

మర్నాడు బడి విడిచే వేళకు ముందే సుకన్య అక్కడికి చేరింది.

చున్నీ తల మీదుగా కప్పుకున్న ఒక సన్నటి మనిషి గేటు పక్కన నిలబడి ఉంది. పిల్లలు బయటికి రాగానే ఆమె చూపు సౌమ్య మీద ఆగింది. ఇక కదల్లేదు.

"మమ్మీ, ఆ ఆంటీయే!"

సుకన్య గబగబా ఆమె ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఎవరమ్మా నువ్వు? నా బిడ్డను ఎందుకు ముట్టుకుంటానవ్?"

ఆమె ఉలిక్కిపడింది.

"ఏం లేదమ్మా... ఫ్రాకు కుడదామని కొలత సూసిన."

"టైలర్‌వా?"

"కాదు. బయటోళ్లకు కుట్ట. నాకు, నా పిల్లలకే కుట్టుకుంట."

"మరి నా పిల్లతోటి నీకేం పని?"

ఆమె నోరు తెరిచింది. ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ మూసుకుంది.

"ఏమీ లేదమ్మా. ముద్దుగున్నదని..."

"ఇంకోపారి ఇక్కడ కనవడితే పోలీసోళ్లకు ఫోన్ చేస్త. సమజైందా?"

చుట్టూ ఉన్న తల్లులు ఆగి చూశారు. ఒకామె ఫోన్‌తో ఫొటో కూడా తీసింది. ఆ సన్నటి మనిషి చున్నీ ముఖం మీదికి లాక్కుని, తల వంచుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత గేటు దగ్గర కనిపించలేదు.

ఆదివారం పొద్దున సౌమ్య వాకిట్లోంచి లోపలికి పరుగెత్తుకొచ్చింది. చేతిలో ఒక కవరు.

"ఆ ఆంటీ ఇచ్చి ఉరికింది మమ్మీ!"

కవర్లో పసుపు పూల కాటన్ ఫ్రాకు. ఛాతీ మీద సన్నటి కుచ్చులు, చేతులకు తెల్ల పైపింగు. తల్లి వద్దన్నా వినకుండా సౌమ్య తొడుక్కుంది. అతికినట్టు సరిపోయింది.

"తియ్యి! ముందు ఇప్పు!"

సుకన్య ఫ్రాకు లాక్కుని తిరగేసింది. ముక్కూ మొహం తెలియని మనిషి ఊరికే ఎందుకు ఇస్తుంది? లోపల తాయెత్తో, మంత్రించిన దారమో పెట్టి ఉంటుంది. కాలరు తడిమింది. జేబు తడిమింది. కింది అంచు కాస్త మందంగా తగిలింది.

కత్తెర తెచ్చి అంచు కుట్లు తెంపేసింది.

లోపల ఏమీ లేదు. గుడ్డే ఉంది. మడత మీద మడత వేసి దాచిన గుడ్డ. పిల్ల ఎదిగే కొద్దీ విప్పుకుంటూ పోతే ఏళ్ల తరబడి పొట్టి కాదు.

సుకన్య చేతిలో కత్తెర ఆగింది. ఏ దుకాణంలోనూ ఇంత గుడ్డ లోపల వదలరు. తను సౌమ్యకు కుట్టేటప్పుడు మాత్రం వదులుతుంది.

ఆ ఆలోచనతో భయం తగ్గకపోగా రెట్టింపయింది. నా బిడ్డ ఎదగడం గురించి ఈమెకెందుకు?

ఫ్రాకును కవర్లో కుక్కి, ఆ వాడలో వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ వెనక గల్లీకి వెళ్లింది. ముఖాన కొట్టి రావాలనుకుంది.

రేకుల ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి కట్టమ్మ వాకిలి ఊడుస్తోంది.

"గులాబ్ బీ కోసమా? ఇంత ముందుగాల్నే పోయిండ్రు గదా. ఆమె మొగడు ఖాజా పాషాకు యాడనో దూరం, భీవండిల పని దొరికిందట. సామాన్లన్ని ఆటోల ఏసుకొని స్టేషన్‌కు పోయిండ్రు. ఇగ రారు."

"పిల్లలున్నరా ఆమెకు?"

"ఒక బిడ్డ. ఫిజా. నీ బిడ్డంతనే ఉంటది. పోయేటప్పుడు ఇద్దరు బిడ్డలకు ఒక్కతీరు ఫ్రాకు కుట్టిన అని ఏందో సంబురపడ్డది. ఇంకొకరు ఎవరో నాకు తెల్వదు."

పీడ విరగడైందనుకుంటూ సుకన్య ఇంటికి వచ్చింది.

మధ్యాహ్నం వర్ధన్నపేట నుంచి అత్త సమ్మమ్మ వచ్చింది. అన్నం పెడుతూ సుకన్య జరిగిందంతా చెప్పింది. గేటు దగ్గర తను తిట్టడం, ఫ్రాకు అంచు తెంపడం, తాళం చూసి రావడం.

"పేరేందన్నవ్?"

"గులాబ్ బీ అట."

సమ్మమ్మ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

"పోయిందా? పోనే పోయిందా?"

"నీకు తెలుసా అత్తమ్మా?"

"మొన్న నేనొచ్చినప్పుడు పిల్లను బడికాడ దించిన సూడు, అప్పుడు నన్ను గుర్తువట్టింది. పిల్లను దూరం నుంచే సూసుకుంట, ఎవ్వలకు ఏం చెప్పనన్నది. నలుగురు నాలుగు మాటలంటరని నేనే అప్పట్ల దవాఖానల ఒట్టేయించుకున్న."

"ఏం ఒట్టు? ఎవరామె?"

సమ్మమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నువ్వు కాన్పయి సోయి లేకుండ పడి ఉన్నన్ని దినాలు, పక్క మంచంల ఉండి ఒక రొమ్ము తన బిడ్డకు, ఒక రొమ్ము నీ బిడ్డకు ఇచ్చి బతికిచ్చింది ఆమెనే."