అడిగి తీసుకున్న వల

పొద్దుటి నుంచి పడమటి గాలి కొడుతోంది. పున్నమి దగ్గరపడింది. ఇకారి చేపలు గుడ్లు పెట్టడానికి గుంపుగా కాలువ దాటే రోజులివి. నకిబే కాలువకు అడ్డంగా వల కడుతున్నాడు. కాలువకు సరిపడే వల ఊళ్ళో అదొక్కటే.

తమ్ముడు తియాకి పడవలో వచ్చాడు. గాలం సరదా ఉన్న విదేశీయులను చేపల దగ్గరికి తీసుకెళ్ళడం అతని పని.

"ఈ చేపల గుంపు పోతే రేపు ఇక్కడికి ఎవడొస్తాడన్నా?"

"రాకపోతే పీడా పోయె. నోట్లో ముల్లు గుచ్చి, ఫోటో దిగి, వదిలేస్తారు. తిండితో ఆడితే అమ్మ మన చెంపలు పగలగొట్టేది. నువ్వు దానికే కూలి తీసుకుంటున్నావు!"

ఒడ్డున కొబ్బరి ఎండబెడుతున్నవాళ్ళు నవ్వారు.

తియాకి వాదన మానేశాడు. "అన్నా, నీ వల నాకియ్యి. అందరి ముందూ అడుగుతున్నా."

మా కిరిబాటి దీవుల్లో అయినవాళ్ళు అలా అడిగితే ఇవ్వాల్సిందే. కాదన్నవాడు మళ్ళీ ఊళ్ళో తలెత్తుకోలేడు. నకిబే తుపుక్కున ఉమ్మి, వల విప్పి పడవలోకి విసిరాడు.

"ఇప్పుడు నేనడుగుతున్నా. ఆ పడవ నాకియ్యి."

ఒడ్డున నవ్వులు ఆగిపోయాయి. తియాకి వల భుజాన వేసుకుని నడుంలోతు నీళ్ళలోకి దిగాడు.

"నీ దొరల్ని ఇక వీపున మోసుకుపో!" అన్నాడు నకిబే పడవెక్కుతూ.

గురువారం, పున్నమినాడు, వల తిరిగి అడగడానికి నకిబే తమ్ముడి ఇంటికి వెళ్ళాడు. తియాకి బుధవారమే కొబ్బరి ఓడలో రాజధాని టరావాకు వెళ్ళిపోయాడు. వల కూడా తీసుకెళ్ళాడు.