ఎవరి చేతి అతుకు

రేడియో పాట అందుకుంది.

"చూశావా, అంతా నీ చేతి పనే," అన్నాడు రేడియో మెకానిక్. సీసం కరిగించి తీగలు అతికే సోల్డరింగ్ నేర్చుకోవాలని అతని భార్య కొనుక్కున్న కిట్ అది. నిన్న ఆమె బిగించినప్పుడు మూగనోము పట్టింది.

ఆమె రేడియోను బోర్లించి చూసింది. "నేను పెట్టిన సీసపు ముద్దలేవి?"

"ఏవో రెండు అతుకులు సరిచేశానంతే."

"పధ్నాలుగూ నున్నగా మెరుస్తున్నాయి. పాతికేళ్లుగా మీ చొక్కాలకు గుండీలు కుడుతున్నదాన్ని. ఏది ఎవరి చేతి పనో పోల్చుకోలేనా?"

సంతోషిస్తుందనుకున్నాడు. ఇప్పుడు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె సోల్డరింగ్ ఐరన్ వేడిచేసింది. ఒక అతుకు కరిగించి, తీగ ఊడలాగింది. పాట సగంలో ఆగిపోయింది.

"ఇప్పుడు నేర్పండి. చేతులు మాత్రం వెనక్కి పెట్టుకోండి."