తీయనన్న హెచ్చరిక

"ఆ హెచ్చరిక నేను తీయను సార్," అంది ప్రోగ్రామర్ ఫిర్దౌస్.

గవర్నర్‌పేటలోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఓనర్ జీవరత్నానికి ఎదురు చెప్పినవాళ్లు అంతవరకూ లేరు. మధ్యాహ్నం మూడింటికల్లా భవానీపురంలో పిల్లల ఆసుపత్రికి మందుల డోసు లెక్కగట్టే ప్రోగ్రామ్‌తో పాటు, దాన్ని ఎలా వాడాలో చెప్పే మాన్యువల్ కూడా ఇవ్వాలి. ఆ మాన్యువల్‌ని విడిగా ఎవరూ రాయరు. ప్రోగ్రామ్ లోపల, మనుషులు చదవడానికని రాసిన ప్రతి మాటనూ కంప్యూటరే ఏరి పుస్తకంగా కూర్చేస్తుంది.

"'బిడ్డ బరువు వేయకపోతే పెద్దవాళ్ల డోసు చూపిస్తుంది, జాగ్రత్త' అని మనమే రాసిస్తే ఎవడమ్మా కొనేది?"

"అయితే ఆ తప్పు సరిచేద్దాం సార్. వారం ఇవ్వండి."

"వారమా! ఇవాళ ఇవ్వకపోతే ఆర్డరు పోద్ది. తీసెయ్."

"పసిపిల్లలండీ! నా ఉద్యోగం పోయినా సరే, తీయను."

"పోయింది. రేపట్నించి రావద్దు. లే, కుర్చీ ఖాళీ చెయ్!"

ఫిర్దౌస్ లేచింది. భయపడలేదా అంటే, పడింది. తల మాత్రం దించలేదు.

జీవరత్నం తనే కూర్చుని, గుడ్డెద్దు చేలో పడ్డట్టు కాసేపు తిరిగి, ఎట్టకేలకు ఆ నాలుగు లైన్లూ దొరికించుకుని చెరిపేశాడు. సేవ్ చేయబోతే తెర మీద చిన్న పెట్టె వచ్చింది.

"ఇదేంటి, ఏం మార్చారో రాయమంటోంది?"

"మార్చినవాళ్లు పేరూ కారణమూ రాయాల్సిందే సార్. అది ప్రోగ్రామ్‌లోకి ఎక్కితేనే సేవ్ అవుద్ది."

"నీ రూల్సు తగలెయ్య!"

ఏదో టకటకా కొట్టి ప్రింట్ ఇచ్చాడు. నూట పది పేజీలు. కింద షాపులో స్పైరల్ బైండింగ్ చేయించి, ఒక్క పేజీ అయినా తిప్పకుండా ఆటో పిలిచాడు. ఫిర్దౌస్ కూడా తన స్కూటీ తీసింది.

"నువ్వెక్కడికి?"

"ఆసుపత్రికే. డాక్టరమ్మకి నోటితో చెప్తా."

"చెప్పుకో పో! ఉద్యోగం ఊడిన పిల్ల మాట ఎవరు నమ్ముతారో నేనూ చూస్తా."

ఆసుపత్రిలో డాక్టర్ మార్త ఇద్దరి మాటా విన్నారు. ఫిర్దౌస్ చెప్పాల్సిందంతా చెప్పింది.

"కడుపుమంటతో అంటోంది మేడమ్," నవ్వాడు జీవరత్నం. "అలాంటి లోపమే ఉంటే మాన్యువల్లో ఉండదా? మీరే చూసుకోండి."

డాక్టర్ మార్త ఓపిగ్గా పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగారు. కళ్లద్దాలు సర్దుకుని పైకే చదివారు.

"'ఈరోజు చేసిన మార్పు: పిల్లల డోసు హెచ్చరిక తీసేశాను. చేసినవారు: జీవరత్నం. కారణం: ఆసుపత్రివాళ్లకి తెలియకూడదు.'"