కూర్మయ్య సాక్ష్యం

"కన్ను ఆనించొద్దని చెప్పానా!" నరసింగరావు టెలిస్కోపు కంటి అద్దాన్ని చేతిరుమాలుతో మళ్లీ తుడిచాడు.

జాలరిపల్లె ప్రార్థన మందిరం ముందు ఇసుకంతా ఎండుచేపల కంపు. ఆ కంపుతోనే వరస కట్టారు జనం. చెమట నుదుళ్లు, నూనె కారే జుట్లు, అన్నీ ఆ చిన్న అద్దానికే.

నిన్న శ్రీకాకుళంలో తన మేడ మీద ఇదే గొట్టంలో శనిగ్రహం చుట్టూ వలయం చూసి, సృష్టికర్తను తలచుకుని మోకాళ్ల మీద పడి ఏడ్చాడు. ఇవాళ సంఘపెద్దగా ఆ ఉంగరం సంగతి మైకులో వర్ణించి, పెట్టెలోంచి గొట్టం తీసి, తుపాకీలా చుక్కకు గురిపెట్టాడు. తను చూసేలోపే గురమ్మ నీరు కారే కన్ను ఆనించేసింది. ఇక అక్కడ కన్ను పెట్టడానికి అతనికి మనసొప్పలేదు.

"శనిని సూడ్డానికి లైను కట్టినామేటే!" ఎవరో అంటే అంతా నవ్వారు.

"ఉంగరం బావూ! దేవుడెంత గొప్పోడు!" అంది గురమ్మ.

"నాకు రెండు అవుపడ్డాయి. స్తోత్రం!" అంది తులసి.

చివరికి కూర్మయ్య వంగాడు. బీడీ కంపుకి నరసింగరావు ముక్కు మూసుకున్నాడు. ముసలాడికి బాప్తిస్మం కావాలట. చనిపోయిన పెళ్లాం అమ్మడు సంఘం సమాధుల తోటలో ఉంది. బాప్తిస్మం లేకపోతే ఆమె పక్కన చోటివ్వరు. ఆదివారం బాప్తిస్మానికి నరసింగరావు సరేననాలి.

"ఏటీ నేదు బావూ. నల్లగా ఉన్నాది."

"సరిగ్గా చూడు."

"సూసినాను. సుక్కల్ని బట్టి తెప్ప నడిపినోణ్ణి. ఒట్టికంటికి అవుపడతన్న సుక్క ఇందులో నేదు."

"అందరికీ కనబడిన దేవుడి మహిమ నీకే కనబడలేదా? తాగుబోతు కళ్లు!"

"మానీసి నాలుగు నెల్లయినాది."

గురమ్మ గొంతు తగ్గించింది. "అవుపడినాదని సెప్పీ మావా. నీదేటి పోతాది?"

"దేవుడి కాడ అబద్ధమాడి సోటు తెచ్చుకుంటే, అమ్మడు లేచి మరీ తిడతాది."

"ఛీ!" నరసింగరావు పక్కకు ఉమ్మాడు. "విశ్వాసం లేనివాడికి మా తోటలో చోటు లేదు. ఆదివారం రావద్దు. పో!"

కూర్మయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. తలెత్తి ఆకాశంలోకి ఒకసారి చూసి, చీకట్లోకి నడిచాడు.

గురమ్మ తప్ప జనమంతా వెళ్లాక నరసింగరావు అద్దాన్ని శానిటైజరుతో రెండుసార్లు తుడిచాడు. గొట్టం ముందు కొసకి పెట్టే మూత కోసం జేబులు తడిమాడు. లేదు. పెట్టెలో లేదు. వేళ్లకు చేతిరుమాలు చుట్టుకుని చేపపొలుసుల ఇసుకలో వెతికాడు.

"లైటు వెయ్యి గురమ్మా!"

ఆమె సెల్‌ఫోను లైటు వేసి పైకెత్తింది.

మూత గొట్టానికే ఉంది.