మూడో కుర్చీ

"నాన్నా, ఆ కుర్చీలోంచి లే!"

వెల్డరు నోటి దాకా వెళ్ళిన ముద్ద ఆగిపోయింది. విడాకులయ్యాక రోజూ సాయంత్రం పని దిగి, అద్దె గదిలో కళ్ళకి వీఆర్ హెడ్‌సెట్ తగిలించుకుని కూతురితో కలిసి భోంచేస్తున్నాడు. అందులో తన పాత ఇంటి డైనింగ్ టేబులూ, ఎదురుగా పాపా కనిపిస్తారు. అక్కడ తనూ హెడ్‌సెట్ పెట్టుకున్న పాపకి నాన్న ఆ టేబులు దగ్గరే కూర్చున్నట్టు కనిపిస్తాడు. హెడ్‌సెట్ పెట్టుకోనివాళ్ళు మాత్రం కనపడరు.

"ఇది నా కుర్చీయే కదమ్మా?"

"ఇవాళ అంకుల్ కూర్చున్నారు. నువ్వేమో ఆయన ఒళ్ళో కూర్చున్నావు!" పాప పకపకా నవ్వింది.

సరిగ్గా అతని చెవి పక్కనే ఎవరో మగమనిషి దగ్గాడు.

"కూర్చోనీలే తల్లీ, నాకేం బరువుగా లేదు," అన్నాడు.

వెల్డరు ముద్ద కంచంలో వదిలేశాడు.

"మరి నేనెక్కడ కూర్చోనమ్మా?"

పాప టేబులు చుట్టూ చూసింది. ఉన్నవి మూడే కుర్చీలు. ఒకటి తనది, ఒకటి అమ్మది.

"నించుని తినెయ్ నాన్నా. నీకు కాళ్ళు నొప్పి పుట్టవుగా. నువ్వు నిజంగా ఇక్కడ లేవుగా!"

వెల్డరు తన గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలోంచి లేచాడు. కంచం చేత్తో పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. పొద్దుటి నుంచీ నిలబడి పనిచేసిన కాళ్ళు వణికాయి.

"అవునమ్మా, నొప్పేం లేదు," అన్నాడు.