చెప్పడం రాని డాక్టరు

“ఫెయిల్,” అన్నాడు డాక్టర్ అబ్రహాం. “బయటికి పోయి మళ్ళ రా.”

యుగంధర్‌కు ఒళ్లు మండింది. పొద్దున్నుంచి పాలకీడు చుట్టుపక్కల ఇళ్లు తిరిగి, మంచాన పడ్డవాళ్ల పుండ్లు కడిగి, నొప్పి మందులిచ్చి, అన్నం వేళ దాటాక సూర్యాపేటకు తిరిగొచ్చాడు. నయం కాని జబ్బులవాళ్లను చివరిదాకా చూసుకునే చిన్న దవాఖాన అది. అక్కడ ఆ వైద్యంలోనే అతను ఫెలోషిప్ చేస్తున్నాడు. ఇది ఆఖరి పరీక్ష. పాసైతే రేపే మిర్యాలగూడ బస్సెక్కి భార్యాబిడ్డల దగ్గరికి పోవచ్చు. తప్పితే ఇంకో ఆర్నెల్లు ఇక్కడే.

రాసే పరీక్ష అయితే రాసి పారేసేవాడు. ఇది చెడు కబురు చెప్పే పరీక్ష. వినేవాళ్ల వేషం అబ్రహాం సారే వేస్తాడు. ఆ వేషాలకు ఆయన పెట్టింది పేరు. పోయిన వారం తిరుమలగిరి పత్తి రైతై ఇదే గదిలో బల్ల గుద్ది పోట్లాడాడు. అంతకుముందు త్రిపురారం ముసలమ్మై శోకాలు పెట్టాడు. నేర్చుకునే డాక్టర్లంతా చాటుకు పోయి నవ్వుకున్నారు.

ఇవాళ ఆయన ఒక రోగి భార్య వేషంలో ఉన్నాడు. భర్తకు కడుపులో క్యాన్సర్, కాలేయానికి పాకింది. సంగతి భర్తకు తెలుసు, భార్యకు తెలియదు. ఆమెకు చెప్పాలి. మొదటిసారి, జబ్బు పాకిందనడానికి ‘మెటాస్టాసిస్’ అన్న ఇంగ్లిష్ ముక్క వాడి యుగంధర్ దొరికిపోయాడు.

మళ్లీ తలుపు తీసుకుని వచ్చి కూర్చున్నాడు.

“అమ్మా, మా ప్రయత్నం మేం చేస్తున్నం. ఇగ దేవుని మీద భారం వెయ్యాలె.”

“అంటే తగ్గుతదా సారూ?” అబ్రహాం ఆశగా ముందుకు వంగాడు.

“తగ్గుతదని కాదు... సూద్దాం.”

“ఫెయిల్. నువ్వు సూద్దాం అంటే ఆమె సూస్తనే ఉంటది. తగ్గుతదేమోనని రోజూ కష్టపడి వండి పెడ్తది. ఆయన తినలేక, తిన్నట్టు జేసి దొంగతనంగ పారబోస్తడు. ఇంట్ల ఇద్దరూ గిట్ల ఎన్నొద్దులు బతకాలె? మళ్ళ రా.”

“సార్, జర అలసిపోయిన. రేపు పెట్టుకుందమా?”

“నేనూ అలసిపోయిన యుగంధర్,” అన్నాడు అబ్రహాం కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుంటూ. “ఇయ్యాల్నే అయిపోవాలె.”

ఆయనకు పంతమెక్కువ. వాదించి లాభం లేదు. యుగంధర్ లేచి బయటికి పోయి, గోడకు తల ఆనించి కాసేపు నిలబడ్డాడు. ఈసారి లోపలికి వచ్చాక డాక్టరులా కనబడే ఓపిక కూడా అతనికి మిగల్లేదు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“అమ్మా, మీ ఆయనది క్యాన్సర్. నయం కాదు. మళ్ల మునుపటి మనిషి కాడు.”

అబ్రహాం తల దించుకున్నాడు. యుగంధర్ తొందరపెట్టలేదు.

“నొప్పి పెడ్తదా?” అడిగాడు అబ్రహాం.

“పెడ్తది. తగ్గనీకి మందులున్నయి. ఎప్పుడు ఫోన్ చేసినా ఇంటికొస్తం. మిమ్ముల ఒంటరిగ ఇడిసిపెట్టం.”

“ఆయనకు తెలుసా?”

“తెలుసమ్మా.”

“ముప్పై ఏండ్లు ఒక్క కంచంల తిన్నం. మరి నాకెందుకు చెప్పలె?”

ఈ ప్రశ్న పాఠంలో లేదు.

“మీ మీద ప్రేమ లేక కాదమ్మా. మీ మొఖం సూసి చెప్పే ధైర్యం లేకనే. మీరు నవ్వుకుంట తిరుగుతుంటే ఆ నవ్వు ఆపుడు ఆయనతోని కాలె.”

అబ్రహాం గారి కళ్ల నిండా నీళ్లు. ఎంత బాగా చేస్తాడీయన అనుకున్నాడు యుగంధర్.

“గా ముక్క మాత్రం మర్చిపోకు,” అన్నాడు అబ్రహాం జేబురుమాలుతో మొహం తుడుచుకుంటూ. “ఉన్నదున్నట్టు గట్లనే చెప్పు.”

“పాసైనట్టేనా సార్?”

“ఇప్పటిదాక జేసింది రిహార్సల్. అసలు పరీక్ష ఇప్పుడు. ఆమె వచ్చి కింద కూసుంది.”

యుగంధర్ చప్పున లేచాడు. “నిజం కేసా సార్ ఇది?”

“నిజమే.” అబ్రహాం ఫోన్ తీసి కింద ఉన్న నర్సుకు చెప్పాడు. “శ్రీలతా, ఆమెను పైకి పంపియ్యమ్మా.”

యుగంధర్ గబగబా మొహం కడుక్కుని, రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి పెట్టాడు. ఆమె ఏడిస్తే ఏం చేయాలో, తిడితే ఏం చేయాలో మనసులో అనుకుంటూ నిలబడ్డాడు. తలుపు తెరుచుకుంది.

వచ్చింది అబ్రహాం సార్ భార్య నవనీత. కోదాడలో బడి అయిపోగానే బస్సెక్కినట్టుంది, చేతులకు ఇంకా చాక్‌పీసు పొడి ఉంది.

“ఏం బాబూ, మొహం అలా పీక్కుపోయింది? తిన్నావా లేదా?” అంది నవ్వుతూ. “మీ సారు ఉన్నపళాన రమ్మన్నారు. ఏమైనా ఫంక్షనా?”

“లేదు మేడమ్. ఒక పేషెంట్ భార్య వస్తున్నది, పాపం ఆమెతోని మాట్లాడాలె. మీరు జర పక్క గదిల కూసుంటరా?”

అబ్రహాం పరీక్ష పెట్టే కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి భార్య చేయి పట్టుకున్నాడు.

“ఎక్కడికీ పోకు, నా పక్కనే కూసో నవనీతా. ఈ డాక్టర్ సారు మనకు ఒక మాట చెప్తడట.”